ముందు గీత, పిదప కోత

(నారాయణఖేడున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



ఈ సభలో ఉలి పట్టి యర్ధశతాబ్దము గడపిన వృద్ధు లెందఱో కూర్చుండియున్నారు. వారి యెదుట కొయ్యపనిని గూర్చి యొక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు మాటలాడుట తాతకు దగ్గులు నేర్పుట వంటిదే యగును. ఈ సంగతి నే నెఱుగకపోలేదు. అయినను కార్యవర్గమువారు "ఇంటికి వలయు కొయ్యసామగ్రిని ఇంటివారే స్వహస్తములతో చేసికొనుటకు ప్రణాళిక యెట్లుండవలయును?" అను విషయమును నాకు నిర్ణయించిరి. మొదట తప్పించుకొన జూచితిని. పిదప నాలోచింపగా, ఏ పనియందైనను నేర్పరి చెప్పదగిన దొకటియు, తప్పు చేసినవాడు చెప్పదగిన దొకటియు కలదని తోచినది. నేను రెండవ తెగకు చెందినవాడను. నేను చేసిన తప్పును మీ యెదుట దాచక చెప్పి, దానివలన తెలిసికొన్నదానిని విన్నవించి కూర్చుందును.

మన యూరు, మన పని

మన నారాయణఖేడు తాలూకా 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. ఆ యేట రాష్ట్రముల పునర్విభజనమున మెదకు జిల్లాలో చేరినది. 2016 లో సంగారెడ్డి జిల్లా యేర్పడగా అందు భాగమైనది. ఇట్లు మూడు భాషల పొలిమేర యగుటచే తెలుగు, కన్నడము, మరాఠీ మన చెవులకు క్రొత్తలు గావు. నా చిన్ననాట మా తండ్రిగారి పనిముట్ల పేళ్లు సైతము మూడు నుడులనుండి వచ్చినవిగా నుండెడివి. బీదరు కోటలోని రంగీన్ మహలు చూచినవారు అచటి చెక్కడపు కొయ్య స్తంభములను, ముత్యపుచిప్ప పొదిగిన పనితనమును మఱచిపోలేరు. అంత గొప్ప పనికి ఇంత చేరువను మనము పుట్టితిమి.

అయితే మన తాతలు చేసినది రాజమందిరముల పని కాదు. వారు చేసినవి నాగలి, గుంటక, ఎడ్లబండి, ద్వారబంధము, మంచము, కవ్వము, పీట, ఉయ్యెల. రైతు కళ్లములో ధాన్యము కొలుచునపుడు వడ్రంగికి మేర వేఱుగా తీసి పెట్టెడివాడు. ఏడాది పొడవునను రైతు పనిముట్లు బాగుచేయుట వడ్రంగి వంతు. పిదప ట్రాక్టరు వచ్చినది, నాగలి పోయినది. ఇనుప తలుపులు వచ్చినవి. కర్మాగారములలో కొయ్యపొట్టును జిగురుతో నదిమి చేసిన పలకల బీరువాలు పట్టణమునుండి వచ్చినవి. వానిని నేను నిందింపను. అవి చౌక, త్వరగా దొరకును. కాని నీరు తగిలినచో ఉబ్బి పొరలు పొరలుగా విడిపోవును. ఒకమాఱు మేకు ఊడిన చోట మఱల మేకు నిలువదు. అట్టివి బాగుచేయబడవు, పాఱవేయబడును.

వడ్రంగము మానిన వడ్రంగి కుటుంబములు నేడు మనలో పెక్కు. పిల్లలు హైదరాబాదున ఉద్యోగములు చేయుచున్నారు. అది సంతోషింపదగిన విషయమే. నేనును అట్లే చదువు త్రోవను పోయినవాడనే. కాని అటుకమీద నున్న పనిముట్ల పెట్టెను తెఱచువాడు లేక, ఆ పెట్టెలోని ఉలులు త్రుప్పు పట్టుచున్న యిండ్లు ఈ సభలో నెన్నియో కలవు. నా మాటలు ముఖ్యముగా నా యిండ్లవారి కొఱకే.

నా తప్పు

మా తండ్రిగారు వడ్రంగి. నేను హైదరాబాదున సంస్కృతము చదువుచుండగా సహాధ్యాయి యొకడు "మీ నాయన యేమి చేయును?" అని యడిగెను. "వ్యవసాయము" అంటిని. ఆ దినమున నాకు రఘువంశము కంఠస్థము. దాని నర్థము చెప్పగల విద్య కలదు. కాని ఆ విద్యకు ఫీజు కట్టిన చేతిపని పేరు చెప్పుటకు నోరు రాలేదు. మా తండ్రిగారికి ఈ సంగతి తెలియదు. తెలియకయే ఆయన పరమపదించి యిప్పటి కిరువదియైదేండ్లు దాటినవి.

ఉద్యోగవిరమణానంతరము, మనుమరాలికి ఆఱేండ్లు నిండినపుడు, "తాతా, నాకు పీట చేసి యిమ్ము" అని యడిగినది. దూరదర్శనిలో ఎవరో పీట చేయుచుండగా చూచెనట. అటుక యెక్కితిని. పనిముట్ల పెట్టె ప్రక్కను పాతగుడ్డలో చుట్టిన టేకు పలక యొకటి కనబడెను. ఆఱడుగుల నిడివి, 14 అంగుళముల వెడల్పు, అంగుళమున్నర కించుక తక్కువ దళసరి. మా పాత యింటి తలుపు ఱెక్కలో నుండి తీసి మా తండ్రిగారు దాచినది. ఏమిటికి దాచిరో నేనెన్నడు నడుగలేదు.

నేను లెక్కలయందు మందుడను గాను. ఆఱడుగు లనగా 72 అంగుళములు. నాలుగు భాగములు చేసిన ఒక్కొక్కటి 18 అంగుళములు. ఇంటి కందఱికి నాలుగు పీటలు! ఆ ఉత్సాహమున పలక నేలపై పఱచి, మూడుచోట్ల గీతలు గీచి, రంపము పట్టితిని. మూడు కోతలు ముగియునప్పటికి చెమట పట్టినది గాని సంతోషము కలిగినది. కొలిచి చూడగా నాలుగవ ముక్క 18 అంగుళములకు తక్కువగా నుండెను. రంపపు కోత తానును కొంత కొయ్యను తినునను మాట నాకు తట్టలేదు. అది చిన్న తప్పు. పెద్ద తప్పు మఱునాడు తెలిసినది.

మా పినతండ్రిగారు ఎనుబదియేండ్లు దాటిన వృద్ధులు. చూపు మందగించినను వ్రేళ్లకు చూపు పోలేదు. వారు వచ్చి ముక్కలను త్రిప్పి, వెనుకవైపు తడిగుడ్డతో తుడిచిరి. దుమ్ము క్రింద జేగురు దారము కొట్టిన సన్నని యెఱ్ఱగీతలు బయలుపడెను. ముక్కలను నాలుగింటిని మఱల వరుసగా జేర్చి, గీతలను వ్రేలితో తడవుచు వారు చదివిరి: 24 అంగుళములు, 11, 11, 22. పై పలక, ఇరుప్రక్కలు, వెనుక పలకయు అడ్డపట్టెయు. మిగిలిన నాలుగంగుళములు రంపపు కోతలకును చివరలు సవరించుటకును. పిదప నా మొగము చూడకయే యనిరి: "ఇది నువ్వు రాసుకునేటందుకు మీ నాయిన అనుకున్న బల్ల బిడ్డా. పుస్తకాలు సదివినవు గని, గీత సదవకపోతివి."

నా బాల్యమున మా తండ్రిగారు "నీకు వ్రాతబల్ల చేసెద" నని యనుచుండుట అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఊరివారి పనులు తీఱక, మా యింటి పని యెన్నడును కాలేదు. కాని గీత మాత్రము గీచి యుంచిరి. ఆ గీతను నేను నాలుగు ముక్కలు చేసితిని.

సోదరులారా! ఈ కథ చెప్పుటలో నా యుద్దేశము జాలి పుట్టించుట గాదు. ప్రణాళిక యనగా నేమో నాకు తెలిపినది ఆ యెఱ్ఱగీతయే. పనిచేయువాడు లేకపోయినను, పని యెట్లు జరుగవలయునో చెప్పుచు నలువదియేండ్లకు పైగా నిలిచినది ఆ గీత.

నలుగురు శిల్పులు

మయమతమను వాస్తుగ్రంథమును 1919 లో గణపతిశాస్త్రిగారు తిరువనంతపుర సంస్కృత గ్రంథమాలలో ప్రకటించిరి. అందు శిల్పులు నలుగురుగా చెప్పబడిరి: స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. స్థపతి యేమి కట్టవలయునో నిశ్చయించువాడు. సూత్రగ్రాహి కొలతదారము పట్టువాడు, స్థపతికి పుత్రుడో శిష్యుడో యైనవాడు. తక్షకుడు చెక్కువాడు. వర్ధకి చెక్కినవానిని కూర్చువాడు. మన "వడ్రంగి" శబ్దము వర్ధకి నుండియే వచ్చినదని పెద్దలు చెప్పుదురు.

ఈ నలువురి వరుసను గమనింపుడు. ఉలి పట్టువాడు మూడవవాడు! అతనికి ముందు ఇరువురు పనిచేసి ముగింపవలయును. ఇంటిపని చేసికొనువాడు ఒక్కడే నలువురు. నేను చేసిన తప్పు స్థపతిని, సూత్రగ్రాహిని నిద్రపుచ్చి, తక్షకుని తొందరపెట్టుట. కావున ఈ వరుసనే అనుసరించి నా మనవి చేసెదను.

స్థపతి పని: ఏమి చేయవలయును?

ఇంటిలో నొక పుస్తకము పెట్టుడు. ఏ కొఱత కనబడినను అందు వ్రాయుడు. ముసలితల్లి నేలమీద కూర్చుండి లేవలేకున్నది, ఎత్తైన పీట కావలయును. వంటయింట డబ్బాలు నేలపై నున్నవి, గోడకు అర కావలయును. పిల్లవాడు ఒడిలో పుస్తకము పెట్టుకొని వంగి వ్రాయుచున్నాడు, వ్రాతబల్ల కావలయును. ఒక నెల గడచిన పిదప ఆ పట్టికను చూచినచో ఏది నిజముగా కావలసినదో, ఏది పొరుగింట చూచి పుట్టిన కోరికయో తెలియును.

పిదప సులభమైనది ముందును, కష్టమైనది వెనుకను వచ్చునట్లు వరుస కట్టవలయును. మొదటి పని పీట. ఇందు నేరుగా కోయుట, చిత్రిక పట్టుట, రెండు కొయ్యలను జోడించుట యను మూడే కలవు. రెండవది గోడ అర. ఇందు మట్టము చూచుట నేర్చుకొందురు. మూడవది వ్రాతబల్ల లేక వ్యాసపీఠము. నాలుగవది మూతగల పెట్టె. ఇందు మూలలు కలుపుట, బందులు బిగించుట వచ్చును. అలమర, మంచము అటుపిమ్మట. మొదటనే మంచమున కుపక్రమించినవాడు సగము మంచముతో నిలిచిపోవును.

ఈ క్రమము నా కల్పన కాదు. ఫిన్లండు దేశమున ఊనో సిగ్నేయుసు అను విద్యావేత్త ప్రేరణచే 1866 లో జానపద పాఠశాలలలో చేతిపని నిర్బంధ పాఠ్యమయ్యెను. పిదప స్వీడను దేశమున ఓటో సాలొమను నేస్ అనుచోట ఉపాధ్యాయులకు కొయ్యపని నేర్పు విద్యాలయము నడపెను. ఇంటి కుపయోగించు వస్తువునే చేయింపవలయును, సులభమునుండి కఠినమునకు పోవలయును అనునవి ఆయన సూత్రములు. ఫిన్లండున నేటికిని బాలురును బాలికలును చేతిపని నేర్చుచున్నారు. మన దేశమున 1937 అక్టోబరులో వార్ధాయందు గాంధీమహాత్ముడు విద్యాసభ జరిపి, చేతివృత్తి కేంద్రముగా విద్య గఱపవలయునని చెప్పెను. జాకిర్ హుసేనుగారి యధ్యక్షతన నొక సంఘము పాఠ్యక్రమమును సిద్ధము చేసెను. ఇతరులు బడిపెట్టి నేర్పించుకొన్నదానిని మనము ఇంటనుండి యటుక కెక్కించితిమి.

సూత్రగ్రాహి పని: కొలత

వరాహమిహిరుడు ఆఱవ శతాబ్దివాడు. ఆయన బృహత్సంహితలో శయ్యాసనముల కొక యధ్యాయమే కేటాయించెను. పొట్టుతీసిన యవగింజ లెనిమిది ప్రక్కప్రక్కను జేర్చిన నొక యంగుళమట. రాజునకు నూఱంగుళముల మంచము, రాజపుత్రునకు 90, మంత్రికి 84, సేనాపతికి 78, పురోహితునకు 72. ఎత్తునకును వెడల్పునకును వేఱు పాళ్లు చెప్పుచు విశ్వకర్మ మతమును స్మరించెను. హోదాను బట్టి మంచము తగ్గించుట నేటికి పనికిరాదు. కాని అందలి మూలసూత్రము పనికివచ్చును: వస్తువునకు కొలత వస్తువులో లేదు, వాడు మనిషిలో కలదు.

కావున మొదట మనిషిని కొలువుడు. కుర్చీ యెత్తు మోకాలి వెనుకగుంట యెత్తునకు సమానముగా నుండవలయును. అంతకు మించినచో పాదములు వ్రేలాడును. నేలబల్ల యెత్తు, బిడ్డ బాసింపట్టు వేసికొని కూర్చుండగా మోకాళ్లు క్రింద దూఱునట్లును, మోచేతికి మిక్కిలి మీఱకుండునట్లును ఉండవలయును. అర యెత్తు, ఇంటిలో దానిని దినమున కెక్కువమాఱులు వాడువారి చేయి అందునంత. సామాన్యముగా నది ఇల్లాలి చేయి. కొలుచునపుడు మాత్రము మగవాడు తన చేయి కొలుచుకొనును! పిదప వస్తువు పెట్టబోవు చోటు, అది లోపలికి పోవలసిన ద్వారము కొలువుడు. గదిలో చేసిన యలమర గదినుండి వెలుపలికి రాక చిక్కిన యిండ్లు నే నెఱుగుదును.

పిమ్మట నిజపరిమాణమున బొమ్మ గీయుడు. వార్తాపత్రికలు అతికించి నేలపై పఱచి గీచినను చాలును. బొమ్మనుండి ముక్కల పట్టిక వ్రాయుడు. ఉదాహరణమునకు పీట: పై పలక 18 అంగుళముల నిడివి, 12 వెడల్పు, ఒకటింబాతిక దళసరి, అనగా 270 ఘనపుటంగుళములు. క్రింది కాళ్లపట్టెలు రెండు, ఒక్కొక్కటి 12 నిడివి, 4 వెడల్పు, అదే దళసరి. రెండును గలిసి 120. మొత్తము 390. కోతకును చిత్రికకును నాలుగవవంతు కలుపగా 488 కి లోపు. ఘనపుటడుగున 1728 ఘనపుటంగుళములు గాన, పీటకు వలయునది మూడవవంతు ఘనపుటడుగునకు లోపే. ఈ లెక్క చేతనుంచుకొని కొయ్యడిపోకు పోయినవాడు మోసపోడు, ఎక్కువ కొనడు.

రంపపు కోతకు ఒక్కొక్కదానికి అంగుళమున ఎనిమిదవ వంతు విడిచి గీత గీయుడు. ఒక్క గీత గాక రెండు గీతలు గీచి, రంపము వాని నడుమ నడపుడు. ఈ యొక్క వాక్యము నాకు ముందు తెలిసియున్నచో నా నాలుగవ పీట కుఱుచ కాకపోయెడిది.

కొయ్య యెన్నిక

బృహత్సంహిత మంచములకు తగిన చెట్లలో శాకమును, అనగా టేకును, తిందుకమును, అనగా మన తునికిని, సాలము, దేవదారు, చందనము మొదలగువానిని పేర్కొనినది. పిడుగుపడినవి, గాలికి వరదకు కూలినవి, తేనెపట్టులు పక్షిగూళ్లు గలవి వలదన్నది. వీనిలో కొన్ని నమ్మకములే కావచ్చును. కాని పిడుగుకును పెనుగాలికిని కూలిన మ్రానులో వెలికి కనబడని నెఱ్ఱెలుండు ననుట పనివా రెఱిగిన సత్యమే. కొయ్యలోని తొఱ్ఱలకును రంధ్రములకును ఆ గ్రంథము నిష్కుటము, కోలాక్షము, సూకరనయనము, వత్సనాభము, కాలకము, ధుంధుకము అని యాఱు పేళ్లు పెట్టినది. పందికన్ను, దూడబొడ్డు వంటి యా పేళ్లు చూడగా పెట్టినవాడు కొయ్యను చేత పట్టి చూచినవాడని తెలియును.

పనికి తగిన కొయ్య యను మాట మన తెలుగు దేశమంతటను కానవచ్చును. నిర్మల, కొండపల్లి బొమ్మలకు తేలికయైన పొనికి. ఏటికొప్పాక లక్కబొమ్మలకు తరిమెనపై నునుపుగా తిరుగు అంకుడు. బొబ్బిలి వీణకు పనస. మన యిండ్లకు టేకు మేలు. ఎక్కువ కుదింపదు, దానిలోని నూనె చెదలను దూరముంచును. నల్లతుమ్మ బరువు పనికి, వేప పెట్టెలకును అరలకును, చింత గూటములకును రోకళ్లకును తగును. మామిడి చౌక గాని పురుగుకు ప్రియము. ఏ కొయ్యయైనను నడిమి చేవనే యెన్నుకొనుడు. వెలుపలి తెల్లభాగమును పురుగు ముందుగా పట్టును.

పచ్చికొయ్యతో పని వలదు. ఆఱుచున్నపుడు పలక నిడివియందు దాదాపు కుదింపదు, వెడల్పునందు కుదించును. అందును వలయముల వెంబడి కుదింపు, నడిమినుండి వెలుపలి దిక్కునకు గల కుదింపునకు దాదాపు రెట్టింపు. అందుచేతనే పలకలు వంకర తిరుగును. అంగుళము దళసరికి ఏడాది చొప్పున, నీడలో, పలకకు పలకకు నడుమ సన్నపు పట్టెలు పెట్టి పేర్చి యాఱబెట్టవలయునని వాడుక. మన వేసవి యెండకు చివరలు ముందుగా ఆఱి చీలును గాన చివరలకు మైనముగాని రంగుగాని పూయుడు. ఇన్నిటికంటె సులభోపాయము పాత యింటి కొయ్య. కూల్చిన యింటి దూలములు, తలుపులు దశాబ్దముల తరబడి ఆఱినవి. చిత్రిక పట్టుటకు ముందు మేకులు మాత్రము వెదకి తీయుడు.

పెరటిలోని చెట్టైనను నఱకుటకు ముందు అధికారుల యనుమతి యడుగుడు. 2002 లో చేసిన నీరు, భూమి, వృక్షముల చట్టము, వాల్టా యని వాడుకలోనున్నది, అందుకు నియమములు విధించినది.

తక్షకుడు, వర్ధకి

ఇక్కడ నేను క్లుప్తముగా చెప్పుదును. దీనికి గురువులు మీలోనే కలరు. మొదటి యేటికి రంపము, రెండు ఉలులు, చిత్రిక, సుత్తి, మూలమట్టము, బరమ, సానరాయి చాలును. వాడుటకు ముందు ఉలిని సానపట్టుడు. మొద్దు ఉలికి బలమెక్కువ పెట్టవలయును, బలమెక్కువైనపుడు జాఱును, జాఱినపుడు చేయి తెగును. ఉలి నడుచు దారిలో రెండవ చేయి యెన్నడు నుండరాదు. విద్యుద్యంత్రములకు పిల్లలను చేరనీయకుడు. మీరు వాడునపుడు కండ్లకు అద్దములు ధరింపుడు.

కూర్చుటలో మేకులకంటె, ఒక కొయ్యను నాలుకవలె తీర్చి వేఱొకదానికి తొలిచిన బెజ్జమున దూర్చి కొయ్యచీలతో బిగించుట మేలు. ఇనుపమేకు త్రుప్పుపట్టి చుట్టునున్న కొయ్యను పాడుచేయును. వెడల్పు పలకను నాలుగుమూలల కదలనీయక బిగించిన, కాలమునుబట్టి కుదించుటకు తావులేక చీలును. కొంచె మూపిరి విడువుడు. జిగురు పెట్టుటకు ముందు అన్ని ముక్కలను ఉత్తగనే కూర్చి చూడుడు. ఇది వర్ధకి ప్రణాళిక. తుదకు అవిసెనూనె పలుచగా పూసి తుడిచి, ఆఱిన పిదప తేనెమైనము రుద్దినచో చాలును. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల వేయకుడు. అవి తమంత తామే వేడెక్కి యంటుకొనవచ్చును. విప్పి ఆరుబయట పఱచుడు.

నా విన్నపములు

మహాజనులారా! కొయ్యపనితో నింటివా రందఱును వడ్రంగులు కావలయునని నేను కోరలేదు. వృత్తి వదలినవారు వదలవచ్చును. కాని చేయి వదలరాదు. అందులకు నావి నాలుగు విన్నపములు.

మొదటిది, ప్రతి కుటుంబము ఏడాది కొక వస్తువును, ఒకే వస్తువును, ముందుగా గీచి, కొలిచి, లెక్కవ్రాసి, తమ చేతులతో చేయవలయును. వచ్చు మహాసభకు వానిని తెచ్చి ప్రదర్శించినచో పిల్లలకు ఉత్సాహము కలుగును.

రెండవది, ఇంటిలో ముసలివారుండగనే వారి ప్రక్కను కూర్చుండి, పనిముట్ల పేళ్లు, కొలతల పేళ్లు, గీతల గుఱుతులు వ్రాసికొనుడు. మా పినతండ్రిగారు లేకపోయినచో ఆ యెఱ్ఱగీతలు నాకు మరకలుగనే మిగిలెడివి.

మూడవది, ఆడపిల్లలకు ఉలి నిండు. మన యిండ్లలో బాలికలను పనిచోటికి రానీయని యాచార మొకటి యుండెడిది. దానివలన సగము చేతులను మనమే యూరక యుంచితిమి.

నాలుగవది పోషకులకు. బడిపిల్లలకును వసతిగృహముల పిల్లలకును చిన్న చేతులకు తగిన పనిముట్ల పెట్టె లిచ్చిన, అది వేదికకు పూలదండలకంటె చిరకాలము నిలుచు దానము. వృత్తియందే యున్న సోదరులకు, 2023 సెప్టెంబరు 17 న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకము కలదు. అందు 18 వృత్తులు చేర్పబడినవి. వడ్రంగము, కమ్మరము, స్వర్ణకారము, శిల్పము అందున్నవి. శిక్షణయు, పనిముట్లకు 15,000 రూపాయల సహాయమును, రెండు విడతలుగా 3 లక్షల వఱకు నూటికి ఐదు చొప్పున వడ్డీకి ఋణమును అందు చెప్పబడినవి. అర్హులు దరఖాస్తు చేయుటకు చదువుకొన్న పిల్లలు తోడ్పడవలయును.

ఇక నా కోసిన పలక సంగతి. పినతండ్రిగారు నన్ను మందలించి యూరకుండలేదు. "కోసినదాన్ని అతుకవెట్టలేం. ఉన్నదానికి కొత్త గీత కొడుదాం" అనిరి. మనుమరాలిని కూర్చుండబెట్టి కొలిచితిమి. పత్రికపై బొమ్మ గీచితిమి. ఒక ముక్క పై పలక యైనది. రెండవదానినుండి ఎనిమిదిన్నర యంగుళముల ప్రక్కలు రెండు వచ్చెను; ఈమాఱు కోతకు చోటు విడిచితిని. మూడవది చీల్చి వెనుక పలకయు అడ్డపట్టెయు చేసితిమి. కుఱుచయైన నాలుగవది పీట యయ్యెను. జేగురు దారమునకు ఒక కొస పినతండ్రిగారు, రెండవ కొస నేను పట్టగా, నడుమ లాగి విడిచినది ఆ బిడ్డ. గీత కొంచెము వంకర పడినది. మఱల తుడిచి కొట్టించితిమి.

పై పలక క్రిందివైపున మా తండ్రిగారి యెఱ్ఱగీత తునుక యొకటి మిగిలియున్నది. దానికి చిత్రిక పట్టలేదు. ఆ బల్లమీద నా మనుమరాలు బడిలో నిచ్చిన కాగితమున "మా ముత్తాత వృత్తి" అనుచోట "వడ్రంగి" అని వ్రాసినది. అక్షరదోషము లేదు. నలువది యేండ్ల క్రిందట నేను చెప్పవలసిన మాట అదియే.

 తప్పులున్న మన్నింపుడు, ఉలి పట్టిన పెద్దలు సవరింపుడు.

స్వస్తి.